‘అప్’ అనే చిన్న మాటకు ఇన్ని అర్థాలా?

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా రోజూ ఇంగ్లీషులో ఉత్తరాలు చదవాలి, రాయాలి. పొడుగాటి పదాలు నన్నెప్పుడూ అంతగా భయపెట్టలేదు. తెలియకపోతే నిఘంటువు చూసుకుంటాను, ఒకటో రెండో అర్థాలు ఉంటాయి, అవి గుర్తుండిపోతాయి. నన్ను వేధిస్తున్నది ‘అప్’ అనే చిన్న మాట. దాని అర్థం ‘పైకి’ అని చిన్నప్పుడు నేర్చుకున్నాను. మరి ‘డ్రింక్ అప్’ అన్నప్పుడు నీళ్లు కిందికే కదా పోయేది? కాగితం ‘బర్న్ అప్’ అయితే ఇల్లు ‘బర్న్ డౌన్’ ఎందుకవుతుంది? ఈమధ్య ఒక సమావేశం ‘మూవ్డ్ అప్’ అయిందని ఉత్తరం వస్తే, వాయిదా పడిందనుకున్నాను. తీరా చూస్తే అది అనుకున్న రోజుకన్నా ముందే జరిగిపోయింది. ‘అప్’ చేరిన మాటలన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రాసి బట్టీ పడుతున్నాను, కానీ రాసేకొద్దీ అవి పెరుగుతూనే ఉన్నాయి. దీనికొక పద్ధతంటూ ఉందా, లేక బట్టీ పట్టడమే మార్గమా?
— ఒక పాఠకురాలు

సమాధానం: పద్ధతి ఉంది. అయితే అది వ్యాకరణ సూత్రంలా అన్నిచోట్లా తప్పకుండా వర్తించేది కాదు. ‘అప్’ అర్థాలు ఒకదానినుంచి మరొకటి ఎలా పుట్టుకొచ్చాయో తెలుసుకుంటే వాటిలో చాలా భాగం మీ ఊహకే అందుతాయి, మిగిలిన కొన్నింటిని మాత్రం వాక్యాలతో సహా చదివి అలవాటు చేసుకోవాలి. జాబితా రాసి బట్టీ పట్టడం ఈ రోజే ఆపేయండి. మీ శ్రమను తక్కువ చేసి ఈ మాట చెప్పడం లేదు. ఈ కష్టం ఇంగ్లీషు చదివిన పరదేశీయులందరికీ ఎదురైనదే. 1755లో తన నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక ఒక చిన్న మాటను చేర్చి దాని అర్థాన్ని మార్చే అలవాటు ఇంగ్లీషులో మెండుగా ఉందనీ, పరదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది కలిగించేది అదేననీ ఆ గ్రంథం పీఠికలోనే రాశాడు. ఇటువంటి జంటలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1925 నుంచి, అంటే జాన్సన్ తరువాత దాదాపు 170 ఏళ్లకు.

పొడుగాటి పదాలకు ఒకటో రెండో అర్థాలుంటాయని మీరు గమనించిన విషయం నిజం, దానికి కారణం కూడా ఉంది. ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలు ఏర్పడతాయని భాషాపరిశోధకుడు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1945లో లెక్కలు కట్టి చూపించాడు. ఎక్కువగా వాడే మాటలు సాధారణంగా పొట్టిగా కూడా ఉంటాయి కనుక భారమంతా పొట్టి మాటల మీదే పడుతుంది. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద వివరణ ‘సెట్’ అనే క్రియది. ఆ ఒక్క క్రియకు 430కి పైగా అర్థాలను ఇచ్చి, వాటి వివరణకు దాదాపు 60,000 పదాలు వెచ్చించారు. తరువాతి సవరణలలో ‘రన్’ దానిని మించిపోయింది. ఆ సవరణ పూర్తయిన 2011 నాటికి క్రియగా దాని అర్థాలు 645కి చేరాయి. కాబట్టి ‘అప్’ మిమ్మల్ని తిప్పలు పెడుతోందంటే తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు, ఆ మాట నిరంతరం పని చేస్తూ ఉండటమే దానికి కారణం. అది ఒక్కొక్క వాక్యంలో ఒక్కొక్క వ్యాకరణ స్థానంలో కూర్చుంటుంది. ‘అప్ ద హిల్’ అన్నప్పుడు కొండ అనే నామవాచకాన్ని వెంటబెట్టుకుని వస్తుంది, ‘స్టాండ్ అప్’లో క్రియకు తోడవుతుంది, ‘అప్స్ అండ్ డౌన్స్’లో తానే నామవాచకమవుతుంది, ధరను ‘అప్’ చేశారు అన్నప్పుడు తానే క్రియ అయిపోతుంది.

ఇక దాని అర్థాల సంగతి చూద్దాం. మొదటిది మీరు చిన్నప్పుడు నేర్చుకున్నదే, అది తప్పు కాదు. పాత ఇంగ్లీషు నాటి నుంచి ఈ మాటకు ‘పైకి’ అనే అర్థం ఉంది, మిగిలినవన్నీ దానినుంచి మెల్లమెల్లగా విస్తరించినవే. మనిషి శరీరంతో అనుభవించే ఎత్తుపల్లాలను కంటికి కనిపించని విషయాలకు కూడా వర్తింపజేస్తాడని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు పండితులు 1980లో వివరించారు. పాత్రలో నీరు పోస్తే మట్టం లేస్తుంది కనుక ఎక్కువ కావడమంటే పైకి పోవడం. ఆరోగ్యంగా మెలకువగా ఉన్న మనిషి నిలబడి ఉంటాడు, జబ్బుపడినవాడు, నిద్రపోయేవాడు పడుకుని ఉంటాడు కనుక ఉత్సాహమూ మెలకువా పైకి చేరాయి. ధ్వని పెంచమని చెప్పే ‘స్పీక్ అప్’, వేగం పెంచమనే ‘స్పీడ్ అప్’, దిగులు మాని ఉత్సాహం తెచ్చుకోమనే ‘చీర్ అప్’, నిద్ర లేవమనే ‘వేక్ అప్’ అన్నీ ఈ కోవకే చెందుతాయి. యంత్రం పని చేస్తోందని చెప్పడానికి అది ‘అప్’ అయి ఉందనడం కూడా ఇలాంటిదే.

ఈ తర్కం మనకు కొత్తది కానే కాదు. ‘వందకు పైగా జనం’ అంటాం, ‘పైచేయి సాధించాడు’ అంటాం, కష్టపడి స్థిరపడినవాడిని ‘పైకి వచ్చాడు’ అంటాం. సభలో ఒక విషయాన్ని ‘బ్రింగ్ అప్’ చేశారని ఇంగ్లీషువారు చెప్పేచోట మనం ప్రశ్నను ‘లేవనెత్తారు’ అంటాం. ఆ ప్రశ్నకు ఎత్తు లేదు, బరువు లేదు, అయినా రెండు భాషలూ దానిని కిందినుంచి పైకే తెచ్చాయి. అయితే తెలుగు ‘పైకి’ చేరే ప్రతిచోటికీ ‘అప్’ చేరదు. మనిషి ‘పైకి పోయాడు’ అని మనం చావును ఉద్దేశించి అన్న మాటను ‘హి వెంట్ అప్’ అని చెబితే మెట్లెక్కి మేడమీదికి వెళ్లాడని మాత్రమే వినేవారికి తోస్తుంది.

మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిన ‘డ్రింక్ అప్’ రెండవ కుటుంబానికి చెందినది, నా దృష్టిలో ‘అప్’ విషయంలో తెలుసుకోవలసిన వాటిలో ఇదే అన్నిటికన్నా విలువైనది. పాత్ర నింపుతూ ఉంటే నీరు పైకి వచ్చి వచ్చి అంచు దగ్గర ఆగుతుంది, అక్కడితో నింపడం పూర్తయినట్టే. ‘ఫిల్ అప్’ అనే మాటలో పైకి రావడమూ, పూర్తి కావడమూ రెండూ కలిసే ఉన్నాయి. ఇలాంటి వాడుకలలో రెండవ భావం క్రమంగా మొదటిదానినుంచి విడివడి, పైకి వెళ్లడమన్నదే లేని పనులకు కూడా ‘పూర్తిగా, మిగలకుండా’ అనే అర్థాన్ని ఇవ్వసాగింది. అందుచేత ‘డ్రింక్’ అంటే తాగడం, ‘డ్రింక్ అప్’ అంటే మిగల్చకుండా తాగడం. ‘యూజ్’ అంటే వాడటం, ‘యూజ్ అప్’ అంటే అయిపోయేదాకా వాడటం. ‘టైమ్ ఈజ్ అప్’ అన్నప్పుడు ఇచ్చిన సమయం పూర్తయిందని అర్థం.

ఇప్పుడు ఇంగ్లీషును పక్కన పెట్టి మీ సొంత మాట తీరును ఒకసారి గమనించండి. పిల్లవాడికి ‘పాలు తాగు’ అనడానికీ ‘పాలు తాగేయ్’ అనడానికీ ఉన్న తేడా మీకు ఎవరూ నేర్పలేదు. ఆ ‘తాగేయ్’లో ఉన్నది ‘వేయడం’ అనే క్రియ, కానీ అక్కడ ఎవరూ దేనినీ ఎక్కడా వేయడం లేదు. తెలుగు నేర్చుకుంటున్న పరదేశీయుడు ఎవరైనా వచ్చి, పాలు విరిగిపోయాయి అన్నప్పుడు అవి ఎక్కడికి పోయాయని అడిగితే మనకు వెంటనే సమాధానం తోచదు. ‘తినేశాడు’, ‘రాసేశాను’, ‘ఎండిపోయింది’, ‘మరిచిపోయాను’ అనే మాటల్లో వేయడమూ పోవడమూ తమ సొంత అర్థాన్ని చాలావరకు వదులుకుని, ప్రధాన క్రియ చెప్పే పని పూర్తయిందని తెలిపే బాధ్యతను తీసుకున్నాయి. ఇంగ్లీషులో ‘అప్’ ఈ కుటుంబంలో చేసేది అదే పని. కాబట్టి ‘ఈట్ అప్’, ‘డ్రై అప్’, ‘టేర్ అప్’ వంటివి ఎదురైనప్పుడు, ఆ క్రియకు తెలుగులో ‘వేయు’ గానీ ‘పోవు’ గానీ చేర్చి చూడండి: తినేయడం, ఎండిపోవడం, చింపేయడం. చాలాసార్లు అర్థం అక్కడికక్కడే తేలిపోతుంది.

కాగితం, ఇల్లు అన్న మీ రెండవ సందేహం కూడా దీనితో సగం తీరినట్టే. కాగితం ‘బర్న్ అప్’ అయిందంటే ఏమీ మిగలకుండా కాలిపోయిందని. ఇల్లు నిలబడి ఉన్న వస్తువు, కాలినప్పుడు అది కూలి నేలమట్టమవుతుంది కనుక, చూసేవాడి దృష్టి కాలడం మీదకన్నా కూలడం మీద నిలిచి ‘బర్న్ డౌన్’ అయింది. రెండూ నాశనమే అయినా ఒకటి మిగలకపోవడాన్ని, రెండవది నేలకు చేరడాన్ని చెబుతున్నాయి. ‘స్లో అప్’, ‘స్లో డౌన్’ అనే రెండు మాటలకూ వేగం తగ్గడమనే ఒకే అర్థం ఉండటం చూసి చాలామంది ఇంగ్లీషుకు తర్కమే లేదని కొట్టిపారేస్తారు. ‘డౌన్’ అక్కడ తగ్గడాన్ని చెబుతోందనీ, ‘అప్’ ఆగేదాకా వచ్చే పూర్తిదనాన్ని చెబుతోందనీ తెలిస్తే ఆ నింద నిలవదు.

మూడవ కుటుంబం దగ్గరకు రావడం. ‘వాక్ అప్ టు’ అంటే ఒకరి దగ్గరకు నడిచి వెళ్లడం. ‘క్యాచ్ అప్’ అంటే ముందున్నవారిని అందుకోవడం, ‘కీప్ అప్’ అంటే వెనకబడకుండా సమంగా సాగడం, ‘షో అప్’ అంటే వచ్చి కనిపించడం. వీటన్నిటిలోనూ ఒక గమ్యమో, ఒక మనిషో, చూసేవారి కన్నో ఉండి, అక్కడికి చేరడమన్న భావం నడుస్తుంది. బ్రిటన్ రైల్వేలలో లండన్ వైపు వెళ్లే మార్గాన్ని ‘అప్’ అనీ, అక్కడినుంచి బయటికి వచ్చేదాన్ని ‘డౌన్’ అనీ అంటారు. నేల ఎత్తుపల్లాలతో దానికి సంబంధమే లేదు, ముఖ్యస్థానానికి చేరడమే అక్కడ పైకి వెళ్లడం. ‘అప్’, ‘అవుట్’ అనే రెండు మాటలు చేరిన క్రియలను సూసన్ లిండ్‌నర్ అనే పరిశోధకురాలు 1981లో తన సిద్ధాంత వ్యాసంలో విడమరిచి చూపిన తరువాత, ఇవి అడ్డదిడ్డంగా పోగైన మాటలన్న పాత అభిప్రాయానికి బలం తగ్గింది. మూసివేయడం, బిగించడం, ఒకచోట చేర్చడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘టై అప్’, ‘లాక్ అప్’, ‘గ్యాదర్ అప్’ వంటివాటిలో అవి తేలికగానే కనిపిస్తాయి కనుక వాటి దగ్గర ఆగను.

‘మేక్ అప్’ దగ్గర మాత్రం ఆగక తప్పదు, ఎందుకంటే అది ఒక్కటే అరడజను పనులు చేస్తుంది. ముఖానికి రంగులద్దుకోవడం మనకు తెలిసిందే. లేని కథను అల్లడం, గొడవపడినవారు మళ్లీ కలిసిపోవడం, పోయిన సమయాన్ని అదనపు పనితో భర్తీ చేయడం, ఊగిసలాడుతున్న మనసును ఒక నిర్ణయానికి తెచ్చుకోవడం, కొందరు కలిసి ఒక బృందంగా ఏర్పడటం, వీటన్నిటికీ ఆ జంటే సరిపోతుంది. విడివిడిగా చూస్తే వీటికి ఒకదానితో ఒకటి పొత్తు కుదరదు. విడిగా ఉన్నవాటిని చేర్చో, లోటును పూడ్చో ఒక నిండు రూపానికి తేవడం అనే భావాన్ని మధ్యలో నిలిపి మళ్లీ చూడండి. కథకు ముక్కలు చేర్చారు, తెగిన స్నేహాన్ని అతికారు, తగ్గిన సమయాన్ని పూడ్చారు, చెదిరిన మనసును కుదురుగా చేశారు. ఇలా కలిపి చూసినప్పుడు అరడజను అర్థాలు ఒకే కుటుంబంగా గుర్తుంటాయి. చరిత్రలో ప్రతి అర్థమూ సరిగ్గా ఈ దారినే వచ్చిందని నేను అనడం లేదు, నేర్చుకునేవారికి ఈ దారి పనికివస్తుందని మాత్రం గట్టిగా చెప్పగలను.

మీ సమావేశం విషయానికి వస్తాను. కార్యక్రమాల పట్టికను ఊహించుకోండి. ముందు జరిగేది పైన, తరువాత జరిగేది కింద ఉంటుంది కనుక ‘మూవ్డ్ అప్’ అంటే పై వరుసకు, అంటే ముందటి తేదీకో గంటకో మారిందని గుర్తుపెట్టుకోవచ్చు. వాయిదా పడితే ‘పుష్డ్ బ్యాక్’ అనో ‘పుట్ ఆఫ్’ అనో రాస్తారు. ఇందులో మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ‘మూవ్డ్ ఫార్వర్డ్’ అని రాసినప్పుడు పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారిలోనే కొందరు ముందు రోజుకనీ, కొందరు తరువాతి రోజుకనీ అర్థం చేసుకుంటారని పరిశోధకులు పరీక్షించి చూశారు. అందువల్ల ఇటువంటి ఉత్తరాలు వచ్చినప్పుడు తేదీనీ సమయాన్నీ అంకెలలో రాసి, ఇదేనా అని తిరిగి అడగడం మంచిది. మీరు రాసే ఉత్తరాలలో కూడా అంకెలు తప్పనిసరిగా ఉండేలా చూడండి. ఉద్యోగపు ఉత్తరాలలో తరచు కనిపించే ‘అప్ టు’ దగ్గర మరొక జాగ్రత్త అవసరం. ‘అప్ టు 50’ అంటే 50 వరకు, అంతకు మించదని అర్థం. తెలుగు ‘పైగా’ ప్రభావంతో దానిని 50కి మించి అని చదివితే లెక్క తలకిందులవుతుంది. అదే ‘అప్ టు యూ’ అంటే నిర్ణయం మీ ఇష్టమని.

కుటుంబాలకు లొంగని మాటలు కొన్ని ఉన్నాయని మొదటే చెప్పాను. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోను పెట్టేయడం. పాతకాలపు ఫోన్లలో చెవి దగ్గర పెట్టుకునే భాగాన్ని మాట్లాడటం అయ్యాక కొక్కానికి తగిలించేవారు, కొక్కెం పోయినా మాట నిలిచింది. ‘వాష్ అప్’ అంటే బ్రిటన్‌లో గిన్నెలు కడగడం, అమెరికాలో చేతులూ ముఖమూ కడుక్కోవడం. అదే ఒక మనిషిని ‘వాష్డ్ అప్’ అంటే అతని పని అయిపోయిందని చెప్పినట్టవుతుంది, కనుక స్నానం చేసి వచ్చానని చెప్పబోయి ఆ మాట అనకండి. తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు కూడా మోసం చేయగలవు. మేకప్, చెకప్, బ్యాకప్, పికప్, లాకప్ వంటివి దాదాపు అదే అర్థంతో మన దగ్గర ఉన్నాయి. ‘బిల్డప్’ మాత్రం మన నోట గొప్పలు పోవడంగా మారింది. ఇంగ్లీషులో దాని అర్థం కొద్దికొద్దిగా పేరుకోవడం, లేదా ఒక విషయం రాకముందే దాని గురించి ఆశలు పెంచడం. మన అర్థంతో దానిని ఇంగ్లీషు ఉత్తరంలో వాడితే చదివేవారికి బోధపడదు.

మీరు రోజూ రాస్తారు కనుక వాక్యరచనలో రెండు సంగతులు చూసుకోవాలి. క్రియగా వాడినప్పుడు ‘బ్యాక్ అప్’ రెండు మాటలుగా విడివిడిగా రాయాలి, పలికేటప్పుడు ‘అప్’ మీద ఒత్తు పడాలి. నామవాచకమైనప్పుడు ‘బ్యాకప్’ అని కలిపి రాసి మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి. రెండవది సర్వనామం చోటు. ఒక పదాన్ని నిఘంటువులో వెతికాననడానికి ‘లుక్ అప్ ద వర్డ్’ అన్నా, ‘లుక్ ద వర్డ్ అప్’ అన్నా సరిపోతుంది, కానీ ఆ పదం స్థానంలో ‘ఇట్’ వస్తే అది మధ్యలోనే ఉండాలి, ‘లుక్ ఇట్ అప్’ మాత్రమే ఒప్పు. ‘వాక్ అప్ ద హిల్’ వంటి వాక్యంలో ‘అప్’ క్రియకు కాక కొండకు చెందినది కాబట్టి అక్కడ ఈ నియమం వర్తించదు, ‘వాక్ అప్ ఇట్’ అనే అనాలి.

ఇకమీదట ఇటువంటి మాట ఎదురైనప్పుడు నిఘంటువులో ‘అప్’ పుట తెరవకండి, దాని ముందున్న క్రియ పుట తెరవండి. విద్యార్థుల కోసం తయారుచేసిన నిఘంటువులలో ‘గివ్ అప్’ అనేది ‘గివ్’ వివరణ చివర విడిగా ఉంటుంది, కర్మపదం ఎక్కడ రావాలో, మధ్యలో పెట్టవచ్చో లేదో కూడా అక్కడే చూపిస్తారు. అక్కడి ఉదాహరణ వాక్యాన్ని మీ నోటుపుస్తకంలోకి పూర్తిగా ఎక్కించుకుని, దాని కింద ఆ సందర్భానికి తగిన తెలుగు క్రియను రాసుకోండి. ‘గివ్ అప్’ ఒక్కదానికే మీకు అలవాటు విషయంలో ‘మానేయడం’, ఆశ విషయంలో ‘వదులుకోవడం’, కూర్చున్న చోటు విషయంలో ‘ఇచ్చేయడం’, శత్రువు ముందు ‘లొంగిపోవడం’ అని వేర్వేరు మాటలు అవసరమవుతాయి. వాటిని పక్కపక్కన కాకుండా, ప్రతిదాన్నీ దాని వాక్యం కిందే రాయండి.